పాత హాలుకు తాళం తీద్దాం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ‘మన బడి – మధుర స్మృతులు’ అనే అంశం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లకు పైగా సోషల్ పాఠం చెప్పినవాణ్ణి. పది నిమిషాలు నాకు హాజరు పిలవడానికే చాలవు. పైగా మధుర స్మృతులు భోజనాల దగ్గర ఎలాగూ మొదలవుతాయి. అందుకని నేను అదిగో, మీ వెనక కనబడుతున్న పాత పెంకుల హాలు గురించి మాట్లాడతాను. మనలో కొందరికి అది ఐదో తరగతి ‘ఎ’ సెక్షను. తరవాతి బ్యాచీలకు ఆటసామాన్ల గది. ఇప్పుడు విరిగిన బెంచీలు, పలకని మైకు సెట్టు, కట్టలు కట్టలుగా పాత రిజిస్టర్లు.

ఆ హాలు విషయంలో సంఘంలో రెండు మాటలు నడుస్తున్నాయి. పడగొట్టి సైన్సు ల్యాబు, ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టాలని ఒకటి. బాగుచేసి జాలరిపేట చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం పెట్టాలని రెండోది. నేను రెండో మాటవాణ్ణి. అయితే మొదటి మాట అన్నవాళ్లకు చరిత్ర విలువ తెలియదని మనలో ఎవరో అన్నారట. అలా అనకూడదు. మరుగుదొడ్డి లేక ఎనిమిదో తరగతిలో బడి మానేసిన ఆడపిల్లదీ ఈ పేట చరిత్రే. ముందు అవి కట్టాలి. కొత్త భవనం వెనక, ప్రహరీ పక్కన ఖాళీ స్థలం ఉంది. మన బ్యాచీ మేస్త్రీ ఒకాయనతో కలిసి టేపు పెట్టి కొలిచాం. ల్యాబుకూ సరిపోతుంది, మరుగుదొడ్లకూ సరిపోతుంది. కాబట్టి హాలు పడితేనే పిల్లలకు సౌకర్యం అనే లెక్క ఇక పక్కన పెట్టవచ్చు.

ఇక మ్యూజియం ఎందుకంటారా? విశాఖలో మ్యూజియాలకు కొదవ లేదు కదా అని అడుగుతున్నారు. నిజమే. బీచ్ రోడ్డులో డచ్చివాళ్ల నాటి బంగళాలో 1991 నుంచి విశాఖ మ్యూజియం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి. అప్పటి బాంబు అక్కడుంది. జమీందార్ల ఆయుధాలు, పటాలు, నౌకాదళం వారి ఓడల నమూనాలు ఉన్నాయి. అదే రోడ్డులో కుర్సుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించుకుని, 2002 నుంచి ఒడ్డెక్కి కూర్చుంది. దానికి ఎదురుగా టీయూ-142 విమానం. ఇవన్నీ చూడదగ్గవే. ఏటా పిల్లల్ని వరసకట్టించి తిప్పినవాణ్ణి నేనే. ఒక ఏడు ఆ ఓడల నమూనాలన్నీ చూశాక మన పేట కుర్రాడొకడు నా చొక్కా పట్టుకుని, “మేష్టారూ, మన తెప్పేదండీ?” అన్నాడు. సరదాగా అడిగింది కాదు. వాడు నిజంగానే వెతికాడు.

ఈ ఊళ్లో సముద్రం గురించి పెట్టినవన్నీ ఒడ్డు మీద నిలబడి సముద్రాన్ని చూసినవాళ్లవి. సముద్రం మీద నిలబడి ఒడ్డును చూసినవాళ్ల చరిత్ర పెట్టిన గది ఒక్కటీ లేదు. నేను కోరుతున్నది ఆ గది.

విశాఖ రేవు చరిత్ర అనగానే 1933 అంటాం. ఆ ఏడు అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. పరీక్షల్లో మార్కులొచ్చే జవాబు అదే, నేనూ అదే రాయించాను. మరి అంతకుముందు ఇక్కడికి ఓడలు రాలేదా? వచ్చాయి. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. సరుకును, మనుషులను అలలు దాటించి ఒడ్డుకు చేర్చింది చిన్న పడవలు. ఆ పడవలకు మేకులుండవు. పలకకూ పలకకూ కొబ్బరి పీచుతాడుతో కుట్టు. బిగుతుగా మేకులు కొట్టిన పడవయితే విరిగే అల దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ ఒళ్లు విరుచుకున్నట్టు కాస్త వంగి, మళ్లీ సర్దుకుంటుంది. ఇంగ్లీషు దొరలు దాన్ని మసూలా పడవ అని రాసుకున్నారు. ఈ తీరాన వాటికి తెడ్లు వేసింది మనలాంటి పేటల వాళ్లే. దిగిన దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. దింపినవాళ్ల పేర్లు లేవు.

తెప్ప అంతకంటే గడుసుది. తేలిక కర్రదుంగలు నాలుగు తాడుతో కడితే తెప్ప. నీళ్లు లోపలికి వస్తాయేమోనని భయం లేదు, దానికి లోపలే లేదు! వేటనుంచి వచ్చాక కట్లు విప్పి దుంగల్ని ఇసకలో ఆరబెట్టాలి, లేకపోతే నీరు పట్టి బరువెక్కుతాయి. మళ్లీ తెల్లారగట్ల కట్టుకోవాలి. ఆ కట్టు కట్టే పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు తెప్ప అంటే ఫైబరు తెప్ప, వెనక ఇంజను. అది వచ్చినందుకు నాకేమీ బాధ లేదు. రెక్కల కష్టం తగ్గింది, దూరం పోగలుగుతున్నారు. అయితే కర్రతెప్ప కట్టగల చేతులు మన పేటలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. నూలు వలలూ అంతే. బెరడు ఉడకబెట్టిన కషాయంలో ముంచి, ఆరేసి, మళ్లీ ముంచి నానబెట్టిన ఆ వలల వాసన నా వయసువాళ్ల ముక్కుకు తెలుసు. నైలాను వచ్చాక పుట్టినవాళ్లకు చెబితే అర్థం కాదు. రాజుల కత్తి ఇనుము గనుక మిగిలింది. మన వస్తువులు కర్ర, పీచు, నూలు, వెదురు. వాడినంతకాలం ఉంటాయి, వాడటం మానగానే పొయ్యిలోకి పోతాయి.

మ్యూజియం మాట ఎత్తినప్పుడు పేటలో ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. “మేం ఇంకా సచ్చిపోనేదు గదా బాబూ, అప్పుడే మ్యూజియం ఏటి?” చాలా రోజులు ఆ మాట నన్ను పట్టుకుంది. ఆయన్నే మళ్లీ వెళ్లి అడిగాను, కొండగుర్తులు మీ మనవడికి తెలుసా అని. కొంచెంసేపు మాట్లాడలేదు. “ఆడికి ఫోనుంది,” అన్నాడు.

బయటివాళ్లకు కొండగుర్తు అంటే మరిచిపోకుండా పెట్టుకునే బండగుర్తు. మన పేటలో ఆ మాటకు అచ్చమైన అర్థం ఉంది. సముద్రం మీదున్నవాడు ఒడ్డున ఉన్న ఏదో గోపురాన్నో చెట్టునో తీసుకుని, దాని వెనకున్న కొండతో ఒకే గీతలోకి తెచ్చుకుంటాడు. ఇంకో పక్కన మరో జంటను అలాగే కలుపుతాడు. ఆ రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడ తను ఉన్నాడు. లెక్కల మేష్టారు రెండు సరళరేఖలు ఒక బిందువు దగ్గర ఖండించుకుంటాయని బోర్డు మీద చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు. మా అయ్య పలక పట్టినవాడు కాదు, అదే బిందువు మీద రోజూ వల వేసి వచ్చేవాడు. నీటి అడుగున రాళ్లు ఎక్కడున్నాయో తెలియాలి. చేపలు చేరేదీ అక్కడే, వల చిరిగేదీ అక్కడే.

హాలుకు ఉత్తరం గోడ పొడుగ్గా, కిటికీల్లేకుండా ఉంది. దాని మీద ఒక చివరనుంచి ఇంకో చివరకు సముద్రం మీదినుంచి కనిపించే విశాఖను గీయిద్దాం. యారాడ కొండ, దాని మీద లైటుహౌసు. రేవు మొగ దగ్గర మూడు గుట్టలు, వాటి మీద వెంకటేశ్వరుడి గుడి, దర్గా, రాస్ హిల్ చర్చి. వెనక సింహాచలం కొండ. ఇటు కైలాసగిరి, ఆ పైన భీమిలి వైపు తీరం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు గీస్తారు, వేటకెళ్లే కుర్రాళ్లు ఫోన్లలో తీసిన ఫొటోలు చూసి. పెద్దవాళ్లు వచ్చి తప్పులు దిద్దుతారు, ఏ గుర్తును ఏ కొండతో కలపాలో చెబుతారు. ఇప్పటికే చాలా గుర్తులకు ముందు అపార్టుమెంట్లు లేచాయి. వాటినీ గీయాల్సిందే. ఏ గుర్తు ఏ మేడ వెనక దాగిందో రాస్తే ఊరు పెరిగిన చరిత్ర కూడా ఆ గోడే చెబుతుంది.

దీనికి కాలం కూడా కలిసొస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. బడికి వేసవి సెలవులూ దాదాపు అప్పుడే. ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న తాతల పక్కన మనవలు ఫోను రికార్డరు పెట్టుకుని కూర్చోవడానికి అంతకంటే మంచి సమయం లేదు. గాలుల పేర్లు, నీటి పోకడల పేర్లు, చేపల పేర్లు, గంగమ్మ పండగ పాటలు ముందు మాటల్లోనే పట్టుకోవాలి. ఒక చిన్న షరతు. చెప్పేవాళ్లకు పూటకింత అని డబ్బు ఇవ్వాలి. కాలేజీనుంచి వచ్చిన ఉపన్యాసకుడికి కవరు ఇస్తాం, శాలువా కప్పుతాం. తెప్ప కట్టడం చూపించే మనిషికి టీ ఇచ్చి పంపించడం మర్యాద కాదు.

ఇక రిజిస్టర్లు. పాత అటెండరు గారొకాయన వాటిని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి అటక మీద పెట్టకపోతే ఈ పాటికి చెదలు తినేసేవి. ఆయన పేరు ఈ సంచికలో ఎవరి సన్మాన పత్రంలోనూ లేదు. అడ్మిషన్ రిజిస్టరు తిరగేస్తే నవ్వూ వస్తుంది, గొంతూ పట్టుకుంటుంది. మన బ్యాచీలో సగం మందిమి జూన్, జులైల్లోనే పుట్టాం! మా అమ్మను పుట్టిన తేదీ అడిగితే “పెద్ద గాలివానకి ముందేడు” అందట. హెడ్మాస్టరు గారు ఆ గాలివానను జులై ఒకటిగా రాసుకున్నారు. తండ్రి వృత్తి అనే గడి చూడండి. కొన్నేళ్లు ‘చేపలవేట’ అని ఉంటుంది, కొన్నేళ్లు ‘కూలి’ అని ఉంటుంది. తండ్రులు మారలేదు, వేట మారలేదు, రాసిన చెయ్యి మారింది. అదే గడిలో మెల్లగా ‘పోర్టు’ వస్తుంది, ‘షిప్ యార్డు’ వస్తుంది. 1948 మార్చి 14న జల ఉష నీళ్లలోకి దిగినప్పుడు నెహ్రూ గారు వచ్చారని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ యార్డులో మన పేటవాళ్లు ఎప్పుడు చేరారో ఈ గడి చెబుతుంది. తరవాత ‘స్టీలు ప్లాంటు’. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో ఊరంతా కదిలింది, 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఆ రెండు తేదీల మధ్య ఉన్న ఇరవై ఏళ్లూ ఒక పిల్లాడు బళ్లో చేరి, చదివి, పెళ్లి చేసుకుని, తన పిల్లను బళ్లో చేర్చేంత కాలం. తండ్రి గడిలో ‘చేపలవేట’ ఉన్నవాడే ఇంకో పేజీలో ‘స్టీలు ప్లాంటు’ తండ్రిగా కనిపిస్తాడు.

హాజరు పట్టీలు ఇంకా గమ్మత్తు. వేట జోరుమీదున్న రోజుల్లో పెద్ద తరగతి మగపిల్లల వరసలో సున్నాలే సున్నాలు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న తీరం దాటింది. అది ఆదివారం గనుక ఆ రోజు గడి లేదు. ఆ తరవాతి గడులే చెబుతాయి, ఎవరి ఇంటి కప్పు ఎన్నాళ్లకు తిరిగి వచ్చిందో. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. మర్నాడు సోమవారం. ఆ సోమవారం హాజరు పట్టీని అద్దం కింద పెడితే పక్కన రాయాల్సింది ఏమీ ఉండదు.

ఒక్క జాగ్రత్త. ఆ రిజిస్టర్లలో కులం ఉంది, పుట్టుమచ్చలున్నాయి, బడి మానేసిన కారణం ఉంది. ఎవరి బిడ్డ ఎందుకు మానేసిందో గోడకు తగిలించే హక్కు మనకు లేదు. పేర్లు కప్పి పెట్టాలి. పేరుతో పెట్టాలంటే ఆ ఇంటికెళ్లి అడగాలి, వద్దంటే ఊరుకోవాలి.

ఆడవాళ్ల సంగతి విడిగా ఎందుకు చెబుతున్నానంటే, మనం జాబితా రాసిన మొదటిరోజు అందులో ఉన్నవన్నీ మగవాళ్ల సామాన్లే: తెప్ప, తెడ్డు, తెరచాప, లంగరు. మా అక్క చూసి, “చేప ఒడ్డుకొచ్చాక దానంతటదే డబ్బైపోయిందా?” అంది. తట్ట, చుట్టకుదురు, ఉప్పుచేప ఆరబెట్టే చాప, కత్తిపీట కూడా రావాలి. మా అమ్మ చేపల్ని పుంజీల్లో లెక్కపెట్టేది. పుంజీ అంటే నాలుగు. నాలుగో ఎక్కం నేను బడికి రాకముందే తట్ట పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఐదో ఎక్కం దగ్గరే మేష్టారి అవసరం పడింది.

బడిని మ్యూజియం చేయడం మనం కనిపెట్టిన వింత కాదు. రాజ్‌కోటలో గాంధీగారు చదివిన ఆల్‌ఫ్రెడ్ హైస్కూలును 2018 సెప్టెంబరులో ఆయన మ్యూజియంగా తెరిచారు. భవనం గొప్పది, అక్కడ చదివిన మనిషి ఇంకా గొప్పవాడు. మనకు మాత్రం పనికొచ్చే నమూనా అది కాదనుకుంటాను. లండన్ తూర్పు పేటల్లో ఒక కాలువ గట్టున ఉన్న గోదాముల్లో 1877లో డాక్టర్ బర్నార్డో బీదపిల్లలకు ఉచితంగా బడి పెట్టాడు. 1908లో అది మూతపడింది. 1980లలో ఆ గోదాములు పడగొట్టబోతే చుట్టుపక్కల జనమే అడ్డుపడి నిలబెట్టుకున్నారు, 1990లో మ్యూజియం చేశారు. దాని పేరే ర్యాగ్డ్ స్కూల్ మ్యూజియం, చింకిబట్టల బడి అన్నమాట. ఇప్పటి పిల్లలు వెళ్లి పాతకాలపు బెంచీల మీద కూర్చుని, పలక పట్టుకుని, అప్పటి పంతులమ్మలా వేషం వేసుకున్నావిడ దగ్గర పాఠం వింటారు. ఇంకొకటి జపానులో, సెండాయ్ నగరపు సముద్రతీరంలో, అరహామా ప్రాథమిక పాఠశాల. 2011 మార్చి 11 సునామీలో కిందినుంచి రెండో వరస గదుల్లోకి కూడా నీళ్లొచ్చాయి. పిల్లలు, టీచర్లు, ఊరివాళ్లు 320 మంది పైకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. బడిని ఆ దెబ్బలతోనే ఉంచి 2017లో జనానికి చూపించడం మొదలుపెట్టారు. ఇలాంటి చోట్ల గొప్పవాళ్ల విగ్రహాలు అవసరం లేదు. మన హాల్లోనూ దాతల ఫొటోలు పెట్టకుండా ఉంటే బావుంటుంది. నా ఫొటోతో సహా.

డబ్బు లెక్క కోశాధికారి గారు చెబుతారు. నేను పని పద్ధతి ఒక్కటి చెబుతాను. వచ్చిన ప్రతి వస్తువుకూ మనకు తెలిసిన అడ్మిషన్ రిజిస్టరే పెడదాం. పేరు: చేపల తట్ట. తల్లి పేరు: అల్లినావిడది. సంరక్షకులు: మోసినావిడ. పుట్టిన తేదీ: తెలిసినంతలో, జులై ఒకటి అని మాత్రం రాయొద్దు. పుట్టుమచ్చలు: అంచున రెండుచోట్ల నైలాను తాడుతో వేసిన కట్లు. చేరిన తేదీ, తెచ్చినవారి సంతకం. ఈ పని చేయకుండా వస్తువులు పోగేస్తే ఏడాది తిరిగేసరికి అది మళ్లీ సామాన్ల గదే. ఉప్పుగాలికి ఇనప బీరువా ఎంతకాలం ఉంటుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. చెక్క అరలు చేయిద్దాం. పాత కాగితాలకు లామినేషన్ చేయించొద్దు, అది వాటిని కాపాడదు, పాడుచేస్తుంది. పాత తెడ్డుకు రంగులు వేసి మెరిపించొద్దు. దాని నునుపు చేతులు పట్టుకుని వచ్చిన నునుపు.

తీర్మానం మూడు గంటలకు సర్వసభ్య సమావేశంలో వస్తుంది. హాలు తాళంచెవి ఆఫీసు గదిలో ఉంది. భోజనాలయ్యాక తెరిచి ఉంచమని హెడ్మాస్టరు గారిని అడిగాను, సరేనన్నారు. చేతులెత్తే ముందు ఒకసారి లోపలికెళ్లి చూడండి. రిజిస్టర్లు కిటికీ దగ్గర బల్ల మీద సర్దించాను, మీ పేజీ వెతుక్కోవచ్చు. తూర్పు మూలకు మాత్రం వెళ్లకండి, అక్కడ పెంకులు వదులుగా ఉన్నాయి.